అంగడికొక గుఱుతు



నేఁడు నేను చెప్పఁబూనిన విషయము, చిన్న వ్యాపారము చేసికొనువారు తమ సరకునకు వేసికొనవలసిన గుఱుతును గూర్చి. దీనినే యిప్పటివారు లోగో యనుచున్నారు. వ్యాకరణమును, పద్యములను పాఠము చెప్పి విశ్రాంతి తీసికొనుచున్న బడిపంతులునకు ఈ వ్యాపారపు మాట యేల యని మీకు సందేహము కలుగవచ్చును. కలుగుట న్యాయమే. ఈ విషయమున నేను మొదట తప్పు చేసితిని. ఆ తప్పువలన మఱియొకరి సొమ్ము వ్యర్థమైనది. కనుకనే చెప్పుచున్నాను.

మా తిరువూరు విజయవాడనుండి భద్రాచలము పోవు మార్గముమీఁద నున్నది. చుట్టుపట్ల మామిడితోఁటలు. నా పూర్వశిష్యురా లొకతె రెండు చేతుల గాజులు కుదువ పెట్టి, ఇంటిలోనే ఆవకాయ పెట్టి, సీసాలలో అమ్మఁదలఁచినది. నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, సీసామీద అంటించే గుర్తు మీరే చెప్పాలండీ" అని యడిగినది. నేను పొంగిపోయితిని. నడుమ పూర్ణకుంభము, దాని క్రింద పద్మము, ప్రక్కను హంస, ఇరువైపుల మామిడికొమ్మలు, చుట్టును నేను రచించిన సంస్కృతశ్లోకము, అడుగున పూలతీఁగవలె మెలికలు తిరిగిన అక్షరములలో పేరు. ఇట్టి చిత్రమును వ్రాయించితిని. వేయి చీటీలు అచ్చైనవి.

పెద్ద కాగితముమీఁద అది కన్నులపండువుగా నుండెను. సీసామూఁతకుఁ దగినట్లు రూపాయినాణెమంత చేయఁగా నల్లని మరక యయ్యెను. కొలఁది దినములకు, ఆ యావకాయ రుచి మరగిన ముసలమ్మ యొకతె మరల కొనుటకు వచ్చి, వేఱొకరి సీసా పట్టుకొని పోయినది. ఇంటికిఁ బోయి తిని, "ఇది మొన్నటిది కాదు" అన్నదఁట. ఆమెకు చదువు రాదు. కొట్టువానిని ఏమని యడుగవలెనో ఆమెకుఁ దెలియలేదు. నేను వ్రాయించిన చిత్రములో అన్నియు నున్నవి గాని, ఆమె నోటఁ బట్టుకొని పోఁదగిన మాట యొక్కటియు లేదు.

ఆ రాత్రి నేను ఏటేట పిల్లలకుఁ జెప్పిన తిక్కనగారి విరాటపర్వము జ్ఞప్తికి వచ్చినది. ఉత్తరగోగ్రహణమున కౌరవసేన యెదుట నున్నది. ఉత్తరునకు ఆ వీరులలో ఎవ్వ రెవ్వరో తెలియదు. అర్జునుఁడు వారి ముఖములను వర్ణింపలేదు, బిరుదములను చదువలేదు, టెక్కెములను చూపినాఁడు. బంగారు వేదిక కలవాఁడు ద్రోణుఁడు, సింహపుఁదోఁక కలవాఁడు అశ్వత్థామ, ఆఁబోతు కలవాఁడు కృపుఁడు, శంఖము కలవాఁడు కర్ణుఁడు, మణిమయమైన పాము కలవాఁడు దుర్యోధనుఁడు, తాటిచెట్టు కలవాఁడు భీష్ముఁడు. ఒక్కొక్కనికి ఒక్కొక్క వస్తువే. రథము కదలుచుండును, ధూళి లేచుచుండును, చూచువాఁడు క్రొత్తవాఁడు. అట్టి సమయమున రెండు వస్తువులను పోల్చుకొను తీఱిక యుండదు. అంగడిలో నిలిచిన కొనుగోలుదారుఁడును ఉత్తరునివంటివాఁడే. ఇన్నియేండ్లు ఈ పద్యమునకు అర్థము చెప్పితిని గాని, దానిలోని యుపయోగమును గ్రహింపనైతిని.

మన దేశమున 1951-52 లో జరిగిన మొదటి సాధారణ యెన్నికలలోను ఈ చిక్కే వచ్చినది. ఓటర్లు 17 కోట్లకుఁ బైగా నుండిరి. వారిలో అధికసంఖ్యాకులకు చదువు రాదు. అందువలన ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీఁద గుఱుతు అంటించిరి. కాంగ్రెసు గుఱుతు కాడి కట్టిన యెద్దులజత. కాడెద్దులు అన్న మాట చెవినిఁ బడఁగానే రైతు మనస్సులో బొమ్మ కట్టును; బొమ్మ కనఁబడఁగానే మాట నోటికి వచ్చును. గుఱుతు చేయవలసిన పని యిదియే.

ఇఁక మంచి గుఱుతునకు ఉండవలసిన లక్షణములను చెప్పెదను.

మొదటిది, అది యొక్క వస్తువై, ఒక్క మాటతోఁ జెప్పఁదగినదై యుండవలెను. చూపి పిలువలేని గుఱుతు పేరు లేని మనుష్యునివంటిది.

రెండవది, అది మీదే కావలెను. ఆవకాయ యమ్మువారందఱును మామిడికాయనే వేయుదురు. సీసాలో మామిడికాయ యున్నదని తెలుపుటకు సీసాయే చాలును. అది ఎవరిదో తెలుపుటకుఁ గదా గుఱుతు! గ్రామఫోను కంపెనీవారు 1899 లో ఒక ఆంగ్ల చిత్రకారునివద్దఁ గొన్న బొమ్మను తలఁచుకొనుఁడు. కొమ్ము ముందు కూర్చుండి చెవి యొగ్గి వినుచున్న కుక్క. కుక్క పాట పాడదు. అయినను ఆ కుక్కను చూడఁగానే పాట గుర్తుకు వచ్చును. మఱియొక పాటల కంపెనీ గుర్తుకు రాదు.

మూఁడవది, నలుపొక్కటే వాడి చిన్నదిగా వ్రాసినప్పుడును నిలువవలెను. రంగులు తరువాతి మాట. రబ్బరుముద్రలో రంగు లుండవు. రసీదు నకలులో నుండవు. ఇప్పుడు చేతిఫోనులో గుఱుతు కందిగింజంత యగుచున్నది. నలుపులో నిలిచినదానికి ఒకటి రెండు రంగులు చేర్చి, వానిని మార్చక వాడవలెను. కృష్ణాజిల్లా యెలకుఱ్ఱులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893 లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. అక్షరములు చదువలేని వారికిని ఆ మందు పసుపువన్నెయే గుఱుతైనది. రంగును నమ్ముకొనుట యన నట్లుండవలెను.

నాలుగవది అక్షరములను గూర్చి. మన తెలుఁగక్షరములు గుండ్రనివి, ముద్దైనవి. కాని వానిలో సూక్ష్మభేదములు మెండు. తలకట్టు విడిగా నున్న ప, తలకట్టు కలిసిన వ, ఈ రెంటికిని వెండ్రుకవాసి భేదము. గీఁతలు లావైనచో పాలు కాస్త వాలు అగును. ద క్రింద చిన్నగీఁత నిండిపోయినచో ధ యేదో ద యేదో తెలియదు. ఒత్తులు వరుస క్రిందికి దిగి చోటు తినును. కనుక పేరు పొట్టిగాను, ఒత్తులు తక్కువగాను ఉన్న మేలు. మెలికల వ్రాఁత పెండ్లిశుభలేఖకు శోభ, సీసాకు కీడు.

ఈ లక్షణములను పరీక్షించుటకు నాకుఁ దెలిసిన యుపాయము బడిలోనిదే. గుఱుతును పిల్లలకు ఒక్కసారి చూపి, దాఁచివేసి, పలకమీఁద వ్రాయుఁడని చెప్పవలెను. వ్రాయఁగలిగినచో అది గుఱుతు. వ్రాయలేనిచో అది వట్టి బొమ్మ.

నా శిష్యురాలి మాట చెప్పి ముగింపలేదు. రెండవసారి నేను బుద్ధి తెచ్చుకొని, "నీకేమి తోఁచుచున్నదో నీవే చెప్పు మమ్మా" యంటిని. ఆమె కొంచెము సేపు ఊరకుండి, "మా అమ్మ కత్తిపీట వేయిద్దామండీ" అన్నది. ఆవకాయకు టెంకతో సహా ముక్కలు కొట్టు పాతకత్తిపీట అది. నేను సందేహించి, అంగడికి కత్తి గుఱుతు శుభము కాదేమో యంటిని. "ఆ కత్తితో పదిళ్లల్లో ముక్కలు కొట్టే కదండీ మమ్మల్ని పెంచింది" అన్నది. ఆ మాటకు ఏ శాస్త్రమునందును నాకు బదులు దొరకలేదు.

అడుగున పీటకు ఒక అడ్డుగీఁత, దానిమీఁద నెలవంకవంటి కత్తి. అంతే. వీధిలోని నలుగురు పిల్లలలో ముగ్గురు పలకమీఁద వ్రాసిరి. నాలుగవవాఁడు కత్తిని ఇటుది అటు వ్రాసినాఁడు. అయినను కత్తిపీట యని తెలిసినది. ఇప్పుడా ముసలమ్మ కొట్టువానిని, "కత్తిపీట పచ్చడియ్యి నాయనా" యని యడుగుచున్నది. ఒక చేతి గాజులు విడిపింపఁబడినవి. రెండవ చేతివి యింకను కుదువలోనే యున్నవి. మొదటి వేయి చీటీల వెల నేనిచ్చెదనన్నను ఆమె పుచ్చుకొనలేదు.

గుఱుతు కుదిరిన తరువాత దానిని కాపాడుకొనవలెను. మన దేశమున వ్యాపారచిహ్నములకు 1940 లో చట్టము వచ్చినది. ఇప్పుడున్నది 1999 నాఁటి చట్టము. అది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. మన ప్రాంతమువారి దరఖాస్తులు చెన్నై కార్యాలయమునకు చెందును. ఇంటినుండియే కంప్యూటరుద్వారా పంపవచ్చును. సరకులును సేవలును 45 తరగతులుగా విభజింపఁబడినవి. వ్యక్తులకును చిన్నసంస్థలకును కంప్యూటరుద్వారా పంపు దరఖాస్తునకు తరగతి యొక్కంటికి 4,500 రూపాయల రుసుమును 2017 నాఁటి నియమములు నిర్ణయించినవి. నమోదు 10 ఏండ్లు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును. దరఖాస్తుకు ముందే, అట్టి గుఱుతు మఱియొకరికిఁ గలదేమో వెదకి చూచుకొనవలెను. సరకు స్వభావమును మాత్రము తెలుపు మాటలకును బొమ్మలకును సాధారణముగా నమోదు దొరకదు. వలయములో ఆర్ అను ఆంగ్లాక్షరమును నమోదైన పిమ్మటనే వేయవలెను. ముందుగా వేయుట నేరము. జాతీయపతాకమును, ప్రభుత్వముద్రను, గాంధీమహాత్ముని చిత్రమును వ్యాపారమునకు వాడుకొనుటను 1950 నాఁటి చట్టము నిషేధించుచున్నది. దేవతల బొమ్మల మాటయందును ఆలోచింపుఁడు. ఖాళీసీసా చివరకు చెత్తకుప్పకే పోవును గదా.

చివరకొక్క మాట. వరాహముద్రవలననే పూర్వము మన బంగారునాణెమునకు వరాహ యను పేరు వచ్చినదందురు. తరువాతి రాజులు దానిమీఁద వేఱు రూపములు వేసినను జనులు వరాహ యనుట మానలేదు. బంగారము నిజమైనంతకాలము పేరు నిలిచినది. గుఱుతు మొదటిసారి కొనిపించును. రెండవసారి కొనిపించునది లోపలి సరకు. పాడైన పచ్చడికి మంచి గుఱుతు వేసినచో, ఏ సీసాను కొనఁగూడదో జనులకు సులభముగా తెలియును.

ఇదిగో, నేను మీ కంటికిఁ గనఁబడను. ఆ గుఱుతును మీకుఁ జూపలేను. అయినను కత్తిపీట యనఁగానే మీలో ప్రతివారికిని అది కనఁబడినది. నా పూర్ణకుంభ పద్మ హంసలు మాత్రము ఏ ప్రక్క నేదియో మీకు జ్ఞాపకముండదు. రేపు మీ యంగడికి గుఱుతు వ్రాయించుకొనునప్పుడు, మొదట కన్నులు మూసికొని దానిని మీ యింటివారికి నోటితోఁ జెప్పి చూడుఁడు. వారు గ్రహించిరేని, అప్పుడు చిత్రకారుని పిలువుఁడు.

సెలవు.