డి.వి.డి.లకు నకలు: ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి?

తాళపత్రాల కాలంలో మన పెద్దలు ఒక పని చేసేవారు. ఆకు చివికిపోతున్నదని తోచగానే కొత్త ఆకుల మీద తిరిగి రాయించేవారు. అలా తిరిగి రాసినవి చాలామటుకు మనదాకా వచ్చాయి. రాయించనివి చెదల పాలయ్యాయి. ఈనాడు మన ఇళ్ళల్లో బీరువా పై అరల్లో, టి.వి. స్టాండు సొరుగుల్లో పడివున్న డి.వి.డి.లకు సరిగ్గా ఆ ఘడియే వచ్చింది.

డి.వి.డి. 1996 నవంబరులో మొదట జపాను బజారులోకి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మన పల్లెలకూ చేరి, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, కాలేజీ వార్షికోత్సవాలు అన్నీ ఆ డిస్కుల మీదికే ఎక్కాయి. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఆ డిస్కు పెట్టే చోటే లేదు. ప్లేయర్లు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. కాబట్టి నకలు తీసుకోవటం అవసరమా అన్న ప్రశ్న ఇక లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో తియ్యాలి అన్నదే మిగిలింది.

నేను వ్యవసాయ కుటుంబంలోంచి వచ్చినవాణ్ణి. మా ఇంట్లో ఉన్నవి మొత్తం ముప్పైనాలుగు డిస్కులు. చాలావరకు కొన్న సినిమాలు. అయిదారు చుట్టాల పెళ్ళిళ్ళు. ఒకటి మాత్రం 2009లో మా ఊరి శ్రీరామనవమి పందిట్లో ఆడిన హరిశ్చంద్ర నాటకం. అందులో హరిశ్చంద్ర వేషం మా తాతయ్యది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క డిస్కులోనే. వీడియో తీసిన షాపు ఎప్పుడో మూతపడింది. అసలు టేపు మీద ఇంకెవరిదో పెళ్ళి తీసేశారట. నేను ఈ విషయాలన్నీ తెలుసుకున్నది ఆ డిస్కు కోసమే.

తెలుసుకున్నదాంట్లో ముఖ్యమైనది ఒకటి ముందే చెబుతాను. "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగేముందు "ఈ డిస్కులోంచి నాకు మిగలవలసింది ఏమిటి?" అని అడగాలి. దానికి జవాబు దొరికితే సాఫ్ట్‌వేర్ సంగతి దానంతటదే తేలిపోతుంది.

డిస్కులో ఏముంటుంది?

డి.వి.డి.ని 650 నానోమీటర్ల ఎర్రని లేజరు కిరణంతో చదువుతారు. లోపల సర్పిలాకారంలో ఒకే దారి చుట్టుకుని ఉంటుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు మాత్రమే. ఒక పొర డిస్కులో 4.7 గిగాబైట్లు, రెండు పొరల డిస్కులో 8.5 గిగాబైట్లు పడతాయి.

కంపెనీ డిస్కులో సమాచారం అచ్చుగుద్దినట్లు గుంటల రూపంలో ఉంటుంది. షాపులో రాసి ఇచ్చిన డిస్కులో అలా కాదు. అక్కడ ఒక రంగు పూత ఉంటుంది, లేజరు వేడికి ఆ పూత మారిన చోట్లే అక్షరాలన్నమాట. ఎండకి, వేడికి, ఏళ్ళ తరబడి నిలవకి ఆ రంగు వెలిసిపోతుంది. అంటే మన ఇంటి జ్ఞాపకాలున్న డిస్కే కొన్న సినిమా డిస్కు కంటే ముందు పాడయ్యే అవకాశం ఎక్కువ!

డిస్కును కంప్యూటర్లో తెరిస్తే 'వీడియో టి.ఎస్.' అనే ఫోల్డరు కనిపిస్తుంది. అందులో మూడు రకాల ఫైళ్ళుంటాయి. వి.ఓ.బి. ఫైళ్ళలో అసలు బొమ్మ, మాట ఉంటాయి. ఐ.ఎఫ్.ఓ. ఫైళ్ళలో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక ఉంటుంది. బి.యు.పి. ఫైళ్ళు ఆ పట్టికకే నకళ్ళు. చూశారా, డి.వి.డి.ని తయారుచేసినవాళ్ళకే దాని పట్టిక పాడవుతుందన్న భయం ఉంది!

వడ్లు, బియ్యం, పిండి

నకలు మూడు విధాలుగా తియ్యవచ్చు. మా ఇంటి భాషలో చెబితే వడ్లు, బియ్యం, పిండి.

మొదటిది ఐ.ఎస్.ఓ. ఫైలు. డిస్కులో ఉన్నది ఉన్నట్లు, మెనూలతో సహా, బైటు పొల్లుపోకుండా ఒకే ఫైలుగా వస్తుంది. ఇది వడ్ల వంటిది. కావాలంటే మళ్ళీ మొలుస్తుంది, అంటే దీంట్లోంచి మళ్ళీ అచ్చంగా అలాంటి డి.వి.డి.నే రాసుకోవచ్చు. విండోస్‌లో 'ఇమ్‌గ్‌బర్న్', లినక్సులో 'డి.డి.రెస్క్యూ' ఈ పని చేస్తాయి.

రెండవది ఎం.కె.వి. ఫైలు. మెనూల పొట్టు పోతుంది, గింజ మాత్రం విరగదు. బొమ్మ, మాట, సబ్‌టైటిళ్ళు ఏ మార్పూ లేకుండా కొత్త సంచిలోకి మారతాయి. 'మేక్‌ఎంకెవి' అనే ప్రోగ్రాము దీనికి పేరుపొందింది. డి.వి.డి.ల వరకు అది ఉచితం.

మూడవది పిండి. డి.వి.డి.లో బొమ్మ ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో కుదించి ఉంటుంది. దాన్ని విప్పి హెచ్.264 వంటి కొత్త పద్ధతిలో మళ్ళీ కుదిస్తే ఫైలు చాలా చిన్నదవుతుంది, ఫోనులో కూడా హాయిగా ఆడుతుంది. 'హ్యాండ్‌బ్రేక్' ఈ పనికి మంచి సాధనం. 2003 నుంచి ఉన్నది, ఉచితం, దాని మూలరచన కూడా అందరికీ బహిరంగమే. అందులో 'ఆర్.ఎఫ్.' అనే అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలు సైజూ పెరుగుతుంది. డి.వి.డి.లకు 18 నుంచి 22 మధ్య పెట్టుకుంటే చాలు. మన పెళ్ళి వీడియోలలో మనుషులు కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసి తియ్యటం వల్ల వచ్చే తేడా అది. హ్యాండ్‌బ్రేక్‌లో 'డీకోంబ్' అనేది పెడితే అది సర్దుకుంటుంది.

అయితే పిండిని మళ్ళీ గింజ చెయ్యలేం గదా! ఒకసారి కుదింపులో పోయిన వివరం తిరిగి రాదు. అందుకని ఇంటి వీడియోలకు ముందు వడ్లు దాచి, తర్వాత వాడకానికి పిండి పట్టుకోవాలి. కొన్న సినిమాలకు బియ్యం చాలు.

తాళం సంగతి

ఇంట్లో తీయించుకున్న డిస్కులకు సాధారణంగా తాళం ఉండదు. కొన్న సినిమాలకు చాలావాటికి 'కంటెంట్ స్క్రాంబుల్ సిస్టమ్' అనే తాళం ఉంటుంది. దాని తాళంచెవి పొడవు 40 బిట్లే. 1999లో దాన్ని విప్పే 'డీసీఎస్ఎస్' ప్రోగ్రాము బయటికి వచ్చింది. అందులో పాలుపంచుకున్న నార్వే కుర్రవాడు జాన్ లెక్ జొహాన్సన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. తన సొంత డిస్కు చూసుకోవటం నేరం కాదని అక్కడి కోర్టులు 2003లో అతణ్ణి నిర్దోషిగా వదిలేశాయి. అమెరికాలో కథ వేరు. అక్కడ 1998 నాటి చట్టం తాళం విప్పటాన్నే నిషేధిస్తుంది. డి.వి.డి. నకలు సాఫ్ట్‌వేర్ అమ్మిన '321 స్టూడియోస్' అనే కంపెనీ కేసులు తట్టుకోలేక 2004లో మూతపడింది. అక్కడ స్థిరపడిన మన పూర్వవిద్యార్థులు ఈ తేడా గమనించాలి.

మన దేశంలో 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని ఒప్పుకుంటుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పేవారికి శిక్ష చెబుతుంది. కాబట్టి మన డిస్కు, మన ఇల్లు, మన వాడకం - అంతవరకే. నకలు తీసి నలుగురికి పంచటం, అమ్మటం తప్పు. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను తాళం విప్పదని కూడా గుర్తుంచుకోవాలి.

గీతలు పడ్డ డిస్కు

మా తాతయ్య డిస్కు మామూలుగా కాపీ చెయ్యబోతే సగంలో "చదవలేను" అని ఆగిపోయింది. డిస్కులో సమాచారం 2048 బైట్ల ముక్కలుగా ఉంటుంది. ఒక్క ముక్క చదవలేకపోయినా మామూలు ప్రోగ్రాము పని మానేస్తుంది. డి.డి.రెస్క్యూ అలా కాదు. మొదట బాగున్న ముక్కలన్నీ తీసేసుకుంటుంది. పాడైన చోట్లు ఒక మ్యాప్ ఫైలులో రాసుకుని వాటి దగ్గరకు మళ్ళీ మళ్ళీ వెళుతుంది. ఇంకో డ్రైవులో డిస్కు పెట్టి అదే మ్యాప్ ఫైలుతో నడిపితే మిగిలిన ముక్కలు మాత్రమే వెతుకుతుంది.

హాస్టల్లో ఒక రాత్రంతా నడిపాను. మర్నాడు మిత్రుడి డ్రైవు తెచ్చి మళ్ళీ నడిపాను. కాటిసీనులో ఒక పద్యం చివర, రాగం తీసే చోట కొద్ది సెకన్ల గండి మిగిలింది. తక్కినదంతా వచ్చింది. ఆ గండి ఇక పూడదు. సెలవులకి ఇంటికి వెళ్ళి వినిపిస్తే మా నాయనమ్మ గండి దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఆ ముక్క నాకొచ్చులేరా" అని తనే అందుకుని పద్యం ముగించింది. దాన్ని కూడా ఫోనులో రికార్డు చేసి పక్కన పెట్టాను.

ఎంపికకు నాలుగు పరీక్షలు

ఒకటి: ప్రోగ్రాము ఇంకా బతికి ఉందా? ఒకప్పుడు అందరూ వాడిన 'డి.వి.డి. ష్రింక్' 2004తోనే ఆగిపోయింది. ఇమ్‌గ్‌బర్న్ చివరి వెర్షను 2013లో వచ్చింది. ఇవి పనిచెయ్యవని కాదు, చెడితే బాగుచేసేవాళ్ళు ఉండరని.

రెండు: అది తీసిన ఫైలు వేరే ప్రోగ్రాములో తెరుచుకుంటుందా? ఐ.ఎస్.ఓ., ఎం.కె.వి., ఎంపీ4 మూడింటినీ 'వి.ఎల్.సి.' ఆడిస్తుంది. పారిస్‌లో మనలాంటి విద్యార్థులు 1996లో కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టినదే ఆ వి.ఎల్.సి. తన ప్రోగ్రాములో తప్ప తెరుచుకోని ఫైలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

మూడు: ఎక్కడినుంచి దించుకుంటున్నాం? తయారుచేసినవారి సొంత చోటు నుంచే దించుకోవాలి. 'ట్రయల్' పేరుతో బొమ్మ మధ్యలో తమ ముద్ర వేసేవీ, సగం వీడియోతో ఆపేసేవీ చాలా ఉన్నాయి.

నాలుగు: నకలు సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఫైలుకి ఎస్.హెచ్.ఎ.-256 సంఖ్య తీసి రాసుకుంటే, పదేళ్ళ తర్వాత మళ్ళీ తీసి పోల్చవచ్చు. ఒక్క బిట్టు మారినా సంఖ్య మారిపోతుంది.

దాచటం

విత్తనాలన్నీ ఒకే గాదెలో పొయ్యకూడదని మా నాన్న అంటారు. నకలు కూడా అంతే. ముప్పైనాలుగు డిస్కులూ నిండా రెండు పొరలవే అనుకున్నా మొత్తం 289 గిగాబైట్లు. ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో మూడో వంతు కూడా నిండదు. అలాంటివి రెండు కొని ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉంచితే నిప్పు, నీరు, దొంగ అన్నిటికీ సమాధానం ఉంటుంది. సమయం కూడా ఎక్కువ పట్టదు. ఒక రెట్టు వేగంలో డి.వి.డి. సెకనుకు దాదాపు 1.385 మెగాబైట్లు చదువుతుంది. 4.7 గిగాబైట్లకు గంట లోపే. ఈనాటి డ్రైవులు అంతకు ఎన్నో రెట్ల వేగంతో చదువుతాయి.

వరుస మాత్రం మరవకండి. ముందు ఇంటి డిస్కులు, వాటిలోనూ పాతవి ముందు. ఆ తర్వాత ఇప్పుడు బజారులో దొరకని సినిమాలు. మిగతావి తీరికగా చేసుకోవచ్చు. మన కళాశాల పాత వార్షికోత్సవాల డిస్కులు పూర్వవిద్యార్థుల దగ్గరగానీ అధ్యాపకుల దగ్గరగానీ ఉంటే విద్యార్థి సంఘానికి ఒకసారి ఇవ్వండి. మా డిపార్ట్‌మెంటు మిత్రులం కలిసి ఐ.ఎస్.ఓ. తీసి, నకలుతోపాటు మీ డిస్కు మీకు భద్రంగా తిరిగి అప్పగిస్తాం.