తీరని బాకీ తిరిగొస్తే...

దెయ్యం కథల్లో తప్పెప్పుడూ దెయ్యానిదే. స్టీఫెన్ గ్రాహం జోన్స్ నవల 'ది ఓన్లీ గుడ్ ఇండియన్స్'లో మాత్రం న్యాయం దెయ్యం వైపే ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు భయం అక్కడే మొదలవుతుంది.

హాల్లో లైటు ఒకటి ఊరికే మినుకుమంటోంది. సంగతేంటో చూద్దామని లూయిస్ నిచ్చెనెక్కాడు. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి కిందికి చూస్తే, కార్పెట్ మీద ఓ ఆడ దుప్పి పడి ఉంది. పదేళ్ల కిందట తను చంపిన దుప్పి! పాడుబడ్డ బంగళా లేదు, అమావాస్య లేదు, తలుపులు కిర్రుమనడాల్లేవు. ప్రతి ఇంట్లో ఉండే ఫ్యాను చాలు, జోన్స్‌కి మన వెన్నులో వణుకు పుట్టించడానికి.

2020లో వచ్చిన ఈ నవల ఆ ఏడాది హారర్ రచనలకిచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డు గెలుచుకుంది. రచయిత అమెరికాలోని బ్లాక్‌ఫీట్ అనే మూలవాసి (రెడ్ ఇండియన్) తెగవాడు. కథ కూడా వాళ్లదే.

మంచులో ఓ శనివారం

మోంటానా రాష్ట్రంలో గ్లేసియర్ నేషనల్ పార్కును ఆనుకుని బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్ (ఆ తెగకు కేటాయించిన ప్రాంతం) ఉంది. రికీ, లూయిస్, గేబ్, క్యాస్ అక్కడి కుర్రాళ్లు. థాంక్స్‌గివింగ్ పండగ ముందటి శనివారం, తెగ పెద్దలకు మాత్రమే వదిలిన అడవిలోకి తుపాకులతో జొరబడ్డారు. కింద పల్లంలో ఎల్క్ దుప్పుల మంద కనిపించగానే ఒళ్లు మరిచి కాల్చేశారు. వాటిలో ఒకటి చూడిది. తూటాలు తగిలినా లేవాలనే చూసింది. ఎందుకంత పెనుగులాడిందో, పొట్ట కోసి లోపలి కూనను చూశాక గానీ లూయిస్‌కి అర్థం కాలేదు. నీ ఒంట్లో ఇసుమంత కూడా వృథా కానివ్వనని ఆ దుప్పికి మాటిచ్చాడు. పదేళ్లయినా దాని చర్మం ఫ్రీజర్లోనే ఉంది.

ఇక ఆ దుప్పే దెయ్యమై తిరిగొస్తుంది, అక్కడినుంచి ఒక్కొక్కరి వంతు. ఎవరు చస్తారన్నది కాదు, ఎవరి బుర్ర ఎలా చెదురుతుందన్నదే ఈ పుస్తకాన్ని నడిపిస్తుంది. లూయిస్ మొదట తన కళ్లను అనుమానిస్తాడు, ఆ తర్వాత పక్కనున్న మనుషులను. దెయ్యం చేయాల్సిన పని సగం అతనే చేసిపెడతాడు.

వేటగాళ్లూ ఒకప్పుడు వేటే

పుస్తకం పేరు, 'చచ్చిన ఇండియనే మంచి ఇండియన్' అంటూ జనరల్ షెరిడాన్ అన్నాడని చెప్పే మాటలోంచి తుంచిన ముక్క. 1870 జనవరి 23న మరియాస్ నది ఒడ్డున అమెరికా సైన్యం గట్టు మీదనుంచి బ్లాక్‌ఫీట్ గుడారాల మీద తూటాలు కురిపించింది. దాదాపు 200 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తర్వాత వాళ్ల తిండికి ఆధారమైన అడవిదున్నల మందలు అంతరించిపోయి, 1883-84 చలికాలంలో సుమారు 600 మంది ఆకలికి బలయ్యారు.

ఇది తెలిశాక ఆ శనివారం మరోలా కనిపిస్తుంది. గట్టు మీద తుపాకులు, పల్లంలో మంద, మంచు, తల్లులు. ఒకనాడు కిందున్న వాళ్ల మనవలే ఇప్పుడు పైనున్నారు. జోన్స్ ఈ పోలికను ఉపన్యాసంలా దంచడు. దుప్పి వంతు వచ్చినప్పుడు కథనాన్ని 'నువ్వు' అంటూ నడిపి, మనల్నే దాని స్థానంలో నిలబెడతాడు. మరియాస్ మారణకాండనే నేరుగా తీసుకుని 2025లో 'ది బఫెలో హంటర్ హంటర్' అనే రక్తపిశాచి నవల కూడా రాశాడు.

పిల్లతో బాస్కెట్‌బాల్

నవలకు ప్రాణం గేబ్ కూతురు డెనోరా. బాస్కెట్‌బాల్ అంటే పడిచస్తుంది. తండ్రి కోసం వచ్చిన ఆ పిల్లను ఓ కొత్తమనిషి ఆటకు పిలుస్తుంది. వచ్చిందెవరో మనకు తెలుసు, డెనోరాకు తెలియదు. పేజీల తరబడి బంతి, అడుగులు, ఎగశ్వాస. నెత్తురు చుక్క కారకముందే గుండె దడదడలాడుతుంది.

లోపాలు లేకపోలేదు. బాస్కెట్‌బాల్ తెలియనివాళ్లకు ఆ పేజీలు కొంచెం బరువే. లూయిస్ అనుమానాలు ఒకచోట సాగదీసినట్టుంటాయి. ఇంట్లో కుక్కలు పెంచుకునేవాళ్లు గుండె చిక్కబట్టుకుని చదవాల్సిన పేజీలూ ఉన్నాయి.

యండమూరి 'తులసిదళం' చదివి దుప్పటి ముసుగేసిన తరం మనది. అక్కడ చేతబడి బయటినుంచి వస్తుంది, ఎవరి దురాశో పసిపిల్ల మీదికి దాన్ని ఉసిగొల్పుతుంది. కాబట్టి ఎదిరించి గెలవొచ్చు. జోన్స్ నవలలో దెయ్యాన్ని పిలిచింది ఆ నలుగురే. మంత్రగాడు లేడు, విరుగుడు లేదు. పైగా తండ్రుల బాకీ పిల్లల మీదికి వస్తోంది. కాబట్టి ప్రశ్న దెయ్యాన్ని ఎలా చంపాలని కాదు, చంపుకోవడం ఎవరి దగ్గర ఆగాలని. జోన్స్ దానికి జవాబు ఇచ్చాడు, అదీ తుపాకీ పట్టినవాళ్ల చేత కాదు. ముగింపు చెప్పడం న్యాయం కాదు గానీ, హారర్ అంటే మొహం చిట్లించేవాళ్లు కూడా ఆ చివరి పేజీల కోసమైనా ఈ నవల చదవాలి.