చీమసింహము ఎక్కడ పుట్టినది?

కుటుంబ ప్రార్థనకు వెళ్లిన ఒక యింట, ఇంటర్మీడియట్ చదువుచున్న అబ్బాయి సంఖ్యాకాండము 23:22 దగ్గర మమ్మును ఆపినాడు. "అయ్యగారూ, నా ఇంగ్లీషు బైబిలులో యూనికార్న్ అని ఉన్నది. నాయనమ్మ బైబిలులో గురుపోతు అని ఉన్నది. వీటిలో ఏది అబద్ధమండీ?" నాయనమ్మ ముఖము చిన్నబోయినది. ఆ రాత్రి మేము సరియైన జవాబు ఇయ్యలేకపోయినాము. ఇంటికి వచ్చి పాత పుస్తకములు తెరిచినాము.

హెబ్రీలో ఉన్న మాట 'రెయేము', అనగా అడవియెద్దు. క్రీ.పూ. 3వ శతాబ్దములో ఐగుప్తులోని అలెక్సంద్రియలో యూదులు లేఖనములను గ్రీకులోనికి తర్జుమా చేయనారంభించినారు. సెప్టువజింతు అను ఆ తర్జుమాలో రెయేము 'ఒంటికొమ్ము జంతువు' అయినది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోను అదే తలంపు కనబడును. విచిత్రమేమనగా, ద్వితీయోపదేశకాండము 33:17లో ఆ ఒంటికొమ్ము జంతువుకు గ్రీకులో సహితము 'కొమ్ములు' అనియే యున్నది!

యోబు గ్రంథము తర్జుమా చేసినవాని కష్టము ఇంకను పెద్దది. 4వ అధ్యాయము 10, 11 వచనములలో ఎలీఫజు సింహమునకు ఐదు వేర్వేరు హెబ్రీ మాటలు వాడినాడు. అన్ని మాటలు గ్రీకులో ఎక్కడనుండి తెచ్చును? కొదమసింహములున్న చోట 'ఘటసర్పములు' అన్నాడు. 'లయిషు' అను మాటకు 'మిర్మెకొలెయోన్', అనగా చీమసింహము అని వ్రాసినాడు. చీమలని పిలువబడు సింహములున్నవని భూగోళము వ్రాసిన స్ట్రాబో చెప్పినాడు. మన తర్జుమాదారుని మనస్సులో ఉన్నది ఆ మృగమే కావచ్చునని పండితుల తలంపు.

చదివినవారికి మాత్రము ఆ మృగము గుర్తురాలేదు. ఎర లేక అది నశించెనని వచనములో ఉన్నది గదా, ఎందుకు నశించినది? తొలి క్రైస్తవ శతాబ్దములలో పుట్టిన 'ఫిసియోలొగస్' అను గ్రీకు జంతుకథల పుస్తకము జవాబు కల్పించినది. దాని తండ్రి సింహము, మాంసము తినును. తల్లి చీమ, గింజలు తినును. బిడ్డ ఏదియు తినలేక చచ్చును. రెండు మనస్సులు గలవానికి ఇది పోలిక అట! మేమైనను ఆ కాలములో ఉండినయెడల ఆ ప్రసంగమే చేసియుందుము.

863లో సిరిల్, మెథోడియస్ అను సహోదరులు మొరావియాకు వెళ్లి స్లావు జనులకు వారి భాషలో లేఖనములనిచ్చు పని మొదలుపెట్టినారు. స్లావు భాషలోని పాతనిబంధన ముఖ్యముగా గ్రీకునుండి వచ్చినది గనుక ఈ జంతువులును వెంట వచ్చినవి. 1751 నాటి స్లావు బైబిలులో చీమసింహము 'మ్రవొలెవ్' అను పేరుతో ఉన్నది. యెషయా 13:21లో మనకు నిప్పుకోళ్లు, గ్రీకువారికి పాటతో నావికులను చంపు సైరెనులు, స్లావులకు సిరినులు. రష్యా పల్లెల బొమ్మలలో సిరిను అనగా స్త్రీ ముఖము గల పక్షి. హెబ్రీనుండి చేసిన 1876 నాటి రష్యను బైబిలులో చీమసింహము లేదు, అక్కడ బలమైన సింహమే.

రెండు వారముల తరువాత ఆ యింటికి మరల వెళ్లి, ఎవరును అబద్ధము వ్రాయలేదనియు, తెలియని మాట ఎదురైనప్పుడు తమకు తెలిసిన మాట వ్రాసినారనియు చెప్పినాము. యోబు మూడవ కుమార్తె సంగతియు చెప్పినాము. కెరెంహప్పుకు అనగా కాటుక ఉంచు కొమ్ము. గ్రీకులో ఆమె పేరు 'అమల్తేయా కొమ్ము' అయినది; వారి జెయుసు దేవునికి పాలిచ్చిన మేక అమల్తేయా.

నాయనమ్మ నవ్వి, "కాటుక భరిణె పేరా అయ్యగారూ! ఇన్నేండ్లు నోరు తిరుగక ఆ పేరు దాటి చదువుచున్నాను" అన్నది.