మందులతో ఆకలి మందగిస్తే: మాంసకృత్తులున్న మెత్తని తీపి వంటకాలు

రాయ్‌పూర్‌లోని ఎయిమ్స్‌కు, డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్ స్మారక ఆసుపత్రికి, నవా రాయ్‌పూర్‌లోని బాల్కో మెడికల్ సెంటర్‌కు ఛత్తీస్‌గఢ్ నలుమూలల నుంచి రోగులు వస్తుంటారు. క్యాన్సర్, క్షయ వంటి దీర్ఘకాల చికిత్సల్లో ఇంటివారిని ఎక్కువగా కలవరపెట్టే విషయం ఒకటుంది. రోగి రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరపడమే అది. ఆ కొద్దిపాటి ఆహారంలోనే తగిన బలాన్ని అందించడానికి మన వంటింట్లో మార్గాలున్నాయి.

ఆకలి ఎందుకు తగ్గుతుంది?

కీమోథెరపీ మందులు వికారం కలిగించడమే కాక నాలుక రుచినీ మారుస్తాయి. కొందరికి ఏది తిన్నా లోహపు రుచి తగులుతుంది. క్షయ మందులు, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొందరిలో ఆకలిని చంపుతాయి. సెమాగ్లుటైడ్, 2025 మార్చిలో మన దేశంలో విడుదలైన టిర్జెపటైడ్ వంటి ఇంజెక్షన్లు ఆకలి సంకేతాలను తగ్గిస్తాయి. జీర్ణాశయం ఖాళీ కావడాన్నీ నెమ్మదింపజేస్తాయి.

శరీరం కొవ్వును నిల్వ చేసుకున్నట్లు మాంసకృత్తులను విడిగా నిల్వ చేసుకోలేదు. ఆహారంలో అవి చాలకపోతే కండరాలనే కరిగించుకుంటుంది. అప్పుడు నీరసం పెరుగుతుంది, చికిత్సను తట్టుకునే శక్తి తగ్గుతుంది.

ఎంత అవసరం?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల వ్యక్తికి ఇది సుమారు 50 గ్రాములు. క్యాన్సర్ రోగులకు కిలోకు 1 నుంచి 1.5 గ్రాముల వరకు అవసరమని యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అన్నం, కూరలతోనే ఇంత మొత్తం చేరడం ఆకలి లేనివారికి కష్టం. చల్లని, మెత్తని తీపి పదార్థం ఇక్కడే ఆదుకుంటుంది. చల్లని పదార్థానికి వాసన తక్కువ కనుక వికారమూ తక్కువ. నమిలే శ్రమ ఉండదు.

ఏమి చేసిపెట్టవచ్చు?

గుడ్డు కస్టర్డ్: 200 మిల్లీలీటర్ల పాలలో ఒక గుడ్డు గిలకొట్టి, కొద్దిగా పంచదార, యాలకుల పొడి కలిపి గట్టిపడేవరకు ఆవిరిపై ఉడికించాలి. దీనిలో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

పెసరపప్పు పాయసం: 30 గ్రాముల పప్పును మెత్తగా ఉడికించి, మెదిపి, 200 మిల్లీలీటర్ల పాలు చేర్చితే సుమారు 13 గ్రాములు లభిస్తాయి.

వడగట్టిన పెరుగు: పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో నీరు ఓడనివ్వాలి. అదే పరిమాణంలోని మామూలు పెరుగు కంటే దీనిలో మాంసకృత్తులు సుమారు రెట్టింపు. బాగా మగ్గిన అరటిపండు మెదిపి కలిపితే పంచదార అవసరం ఉండదు.

మినప సున్ని జావ: సున్నుండ బలమైనదే అయినా దానిలోని నెయ్యి వికారమున్నవారికి భారమవుతుంది. నెయ్యి లేకుండా అదే సున్నిని పాలలో పలుచగా కాచి తాగించవచ్చు.

తీఖుర్: బస్తర్ అడవుల్లో దొరికే ఈ దుంప పిండి మన పాలగుండ వంటిది, కడుపుకు చల్లదనమని ఛత్తీస్‌గఢ్ ప్రజలు వేసవిలో వాడతారు. అయితే ఇది దాదాపు పూర్తిగా పిండి పదార్థమే. నీటిలో కాచితే మాంసకృత్తులు ఏమంత రావు. ఒక గ్లాసు పాలలో కాచి, రెండు చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపితేనే ప్రయోజనం.

వీటిలో ఏదైనా చిన్న గిన్నెలో నాలుగైదు చెంచాల చొప్పున, రెండు మూడు గంటలకోసారి ఇవ్వడం మేలు. లోహపు రుచి బాధిస్తుంటే స్టీలు చెంచాకు బదులు ప్లాస్టిక్ చెంచా వాడవచ్చు.

తప్పనిసరి జాగ్రత్తలు

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు. మధుమేహులకు బెల్లమైనా పంచదారతో సమానమే. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్, థైరాయిడ్ మాత్రలు పాలతో కలిస్తే సరిగా పనిచేయవు. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా ప్రభావాన్ని మాంసకృత్తులు తగ్గిస్తాయి. కనుక ఎంత వ్యవధి ఉండాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. కీమోథెరపీ పొందేవారికి పచ్చి గుడ్డు, కాచని పాలు ఇవ్వరాదు. రాయ్‌పూర్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పాల వంటకాలను బయట గంటకు మించి ఉంచకూడదు.

క్షయ రోగులకు పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సాయం 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. ఈ సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. పాలు, గుడ్లు, పప్పుల ఖర్చుకు ఇది కొంత ఆసరా.

వారానికొకసారి రోగి బరువు చూసి రాసిపెట్టుకోవాలి. నెలలో బరువు 5 శాతం తగ్గినా, ఒక రోజంతా ఏమీ తినలేకపోయినా, తాగినవి కూడా కడుపులో నిలవకపోయినా వంటింటి ఉపాయాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని సంప్రదించాలి. మందు మోతాదును వారు మార్చవచ్చు, వికారం తగ్గించే మందు ఇవ్వవచ్చు. ఆకలి లేదని రోగి తనంతట తానే మందులు మానడం మాత్రం ప్రమాదకరం.