సింగపూరులో దోమకాటు: నివారణ, చికిత్స

దోమకాటు అనగా ఆడదోమ రక్తం పీల్చుకొనడానికై మనిషి చర్మంలో తన తొండాన్ని గుచ్చడం. సింగపూరు భూమధ్యరేఖకు సుమారు 137 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ద్వీప దేశం. ఇక్కడ చలికాలం లేదు. ఏడాది పొడవునా వేడి, తేమ, వానలు ఉండడం వలన దోమలు అన్ని నెలలలోను పెరుగుతాయి. ఉద్యోగం, చదువుల నిమిత్తం ఇక్కడికి వచ్చిన తెలుగువారిలో అనేకులకు దోమ అనగానే రాత్రివేళ, మురుగు కాలువ గుర్తుకు వస్తాయి. అయితే సింగపూరులో ముఖ్యంగా భయపడవలసిన దోమ పగలు కుడుతుంది, ఇంట్లో నిలిచిన శుభ్రమైన నీటిలో పుడుతుంది. నివారణ పద్ధతులన్నీ ఈ ఒక్క విషయంపై ఆధారపడి ఉన్నాయి.

దోమల రకాలు

మనుషులను బాధించే దోమలలో మూడు ప్రజాతులు ముఖ్యమైనవి.

* క్యూలెక్స్: మురికి నీటిలో పెరుగుతుంది. రాత్రివేళ కుడుతుంది. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేస్తుంది.
* అనాఫిలిస్: మలేరియాను వ్యాపింపజేస్తుంది. ఇది కూడా సాయంత్రం నుండి తెల్లవారేవరకు కుడుతుంది. దోమ శరీరంలో మలేరియా పరాన్నజీవి పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో కనుగొన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సింగపూరును మలేరియా రహిత దేశంగా గుర్తించింది.
* ఏడిస్: నల్లని శరీరంపై, కాళ్ళపై తెల్లని చారలు ఉంటాయి. డెంగీ, చికున్‌గున్యా, జికా వ్యాధులను వ్యాపింపజేస్తుంది. సూర్యోదయం తరువాత కొద్ది గంటలు, సూర్యాస్తమయానికి ముందు కొద్ది గంటలు ఎక్కువగా కుడుతుంది.

ఏడిస్ దోమ ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో కూడా ఉంది. కాని అక్కడ రాత్రి కుట్టే దోమల బెడద ఎక్కువ కనుక రక్షణ ఏర్పాట్లు కూడా రాత్రికే పరిమితమవుతాయి. ఆ అలవాటుతో రాత్రి మాత్రమే దోమతెర కట్టుకొని, పగలు ఏ జాగ్రత్తా తీసుకొననివారికి సింగపూరులో రక్షణ లేనట్లే.

డెంగీ చరిత్ర

ఇంత పరిశుభ్రమైన నగరంలో డెంగీ ఎందుకు వస్తుందని పలువురు ఆశ్చర్యపడతారు. దశాబ్దాల నియంత్రణ వలన దోమలు తగ్గాయి. దానితో డెంగీ సోకినవారి సంఖ్య తగ్గి, జనంలో ఆ వ్యాధిని తట్టుకొనే శక్తి కూడా తగ్గింది. అందుచేత కొద్దిపాటి దోమలతోనే వ్యాధి ప్రబలగలదు.

2005లో 14 వేలకు పైగా, 2013లో 22 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. 2020లో ఆ సంఖ్య 35 వేలు దాటింది. కోవిడ్ కారణంగా ప్రజలు పగలంతా ఇళ్ళలోనే ఉండడం, వ్యాప్తిలో ఉన్న వైరస్ రకం మారడం ఇందుకు దోహదం చేశాయని చెబుతారు. 2022లో కూడా 32 వేలకు పైగా కేసులు వచ్చాయి. చికున్‌గున్యా స్థానికంగా మొదటిసారి 2008 జనవరిలో లిటిల్ ఇండియా ప్రాంతంలో వ్యాపించింది. స్థానికంగా సోకిన మొదటి జికా కేసు 2016 ఆగస్టులో బయటపడింది. గర్భవతికి జికా సోకితే శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతినవచ్చును. కనుక గర్భవతులు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

నివారణ: ఇంటిలోని నీరు

ఏడిస్ దోమ సాధారణంగా కొద్ది వందల మీటర్లకు మించి ఎగరదు. మనలను కుట్టిన దోమ మన ఇంటిలోనో, ఇరుగుపొరుగు ఇళ్ళలోనో పుట్టి ఉండే అవకాశమే ఎక్కువ. గుడ్డు నుండి దోమ కావడానికి ఇక్కడి వాతావరణంలో 7 నుండి 10 రోజులు చాలు. నాణెమంత వెడల్పున నిలిచిన నీరు సైతం అందుకు సరిపోతుంది.

ఏడిస్ గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, పాత్ర లోపలి గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నీరు లేకపోయినా కొన్ని నెలలు బ్రతికి ఉండి, మరల తడి తగలగానే పొదుగుతాయి. కావున నీరు పారబోయడం మాత్రమే చాలదు, పాత్ర లోపలి అంచును రుద్ది కడగవలెను. ఈ పని వారానికి ఒకసారి తప్పక చేస్తే దోమ పూర్తిగా ఎదగకముందే దాని జీవితచక్రం తెగిపోతుంది.

తెలుగువారి ఇళ్ళలో గమనించవలసిన చోట్లు:

* తులసి, కరివేపాకు కుండీల క్రింద పెట్టే పళ్ళాలు. గట్టిపడిన మట్టిపై కూడా నీరు నిలుస్తుంది, దానిని గుల్లచేయవలెను.
* సీసాలలో పెంచే మనీప్లాంటు, పూలు ఉంచే పాత్రలు. పూజామందిరంలో రోజుల తరబడి ఉంచే కలశం నీరు.
* స్నానాల గదిలో నింపి ఉంచే బకెట్లు. వాడనప్పుడు బోర్లించవలెను.
* ఫ్రిజ్ వెనుక భాగంలో, ఏసీ క్రింద నీరు చేరే పళ్ళాలు.
* ప్రభుత్వ గృహ సముదాయాలలో బట్టలు ఆరవేసే వెదురు గడలను గుచ్చే గొట్టాలు. గడలు తీసినప్పుడు వీటికి మూతలు పెట్టవలెను.

సెలవులకు స్వదేశం వెళ్ళేవారు బయలుదేరే ముందు ఇంటిలో ఎక్కడా నీరు నిలువ లేకుండా చూసి, మరుగుదొడ్ల మూతలు వేసి వెళ్ళవలెను.

నివారణ: శరీర రక్షణ

డీట్, పికారిడిన్, ఐఆర్3535 అనే రసాయనాలలో ఏదైనా ఒకటి గల దోమనివారిణి లేపనాలు నమ్మదగినవి. బయటకు కనిపించే చర్మానికి మాత్రమే వీటిని రాయవలెను. గాయాలకు, కళ్ళ వద్ద, నోటి వద్ద, చిన్నపిల్లల చేతులకు రాయరాదు. ఎండ నుండి కాపాడే క్రీము కూడా వాడేవారు ముందు దానిని రాసుకొని, ఆరిన తరువాత దోమనివారిణి రాసుకొనవలెను. 2 నెలల లోపు శిశువులకు లేపనం వాడరాదు. వారు పగలు నిద్రించేటప్పుడు ఊయలపై దోమతెర కప్పడమే మంచి ఉపాయం.

వేపనూనె, నిమ్మగడ్డి నూనె వంటివి కొద్దిసేపు మాత్రమే పనిచేస్తాయి. శబ్దంతో దోమలను తరుముతామనే పరికరాల వలన ప్రయోజనం కనబడలేదు. లేత రంగు, వదులైన, పొడుగు చేతుల దుస్తులు మేలు. దోమలచుట్టను మూసిన గదిలో వెలిగించరాదు.

ప్రభుత్వ చర్యలు

2002లో ఏర్పడిన జాతీయ పర్యావరణ సంస్థ దోమల నియంత్రణను చూస్తుంది. 150 మీటర్ల పరిధిలో 14 రోజుల లోపు రెండు లేక అంతకంటె ఎక్కువ డెంగీ కేసులు వస్తే ఆ చోటును డెంగీ సమూహంగా పరిగణిస్తారు. 10 కంటె తక్కువ కేసులుంటే పసుపు, 10 లేక అంతకు మించితే ఎరుపు హెచ్చరిక పటాలను అక్కడ కడతారు. సంస్థ అధికారులు ఇళ్ళను తనిఖీ చేసి, దోమ డింభకాలు దొరికితే ఇంటివారికి జరిమానా విధిస్తారు. 2016 నుండి వోల్బాకియా అనే బాక్టీరియా గల మగ ఏడిస్ దోమలను కొన్ని ప్రాంతాలలో విడుదల చేస్తున్నారు. మగదోమలు కుట్టవు. వీటితో జతకట్టిన ఆడదోమల గుడ్లు పొదగవు.

కాటుకు చికిత్స

దోమ కుట్టినప్పుడు రక్తం గడ్డకట్టకుండా తన లాలాజలాన్ని చర్మంలోకి వదులుతుంది. దానికి ప్రతిచర్యగా శరీరంలో హిస్టమిన్ విడుదలై వాపు, దురద కలుగుతాయి.

* కుట్టిన చోటును సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్కను కొన్ని నిమిషాలు ఉంచవలెను.
* దురదకు కాలమైన్ లోషను లేదా 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము వాడవచ్చును. దురద ఎక్కువైతే సెటిరిజిన్ వంటి మాత్రలు పనిచేస్తాయి.
* గోళ్ళతో గీరరాదు. పుండు పడితే సూక్ష్మజీవులు చేరతాయి. సున్నం రాయడం వలన చర్మం కాలే ప్రమాదం ఉంది.
* ఎరుపు వ్యాపించడం, చీము, నొప్పి ఉంటే వైద్యుని చూడవలెను. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా అది అత్యవసర స్థితి. సింగపూరులో 995 సంఖ్యకు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది.

జ్వరం వచ్చినప్పుడు

డెంగీ సాధారణంగా కుట్టిన 4 నుండి 7 రోజులలో బయటపడుతుంది. హఠాత్తుగా అధిక జ్వరం, తలనొప్పి, కళ్ళ వెనుక నొప్పి, కీళ్ళనొప్పులు, దద్దురులు దీని లక్షణాలు. ఇట్టి జ్వరానికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ మాత్రమే వాడవలెను. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచగలవు. ఊరి నుండి తెచ్చుకొన్న నొప్పి మాత్రల పొట్లాలలో ఇవి ఉండవచ్చును కనుక పేరు చదవకుండా మింగరాదు. నీరు, మజ్జిగ, ఓఆర్ఎస్ ద్రావణం తరచుగా త్రాగవలెను. బొప్పాయి ఆకు రసం డెంగీని నయం చేస్తుందని రుజువు కాలేదు. దానిని నమ్ముకొని వైద్యాన్ని ఆలస్యం చేయకూడదు.

డెంగీలో జ్వరం తగ్గిన తరువాతి 24 నుండి 48 గంటలే ఎక్కువ ప్రమాదకరమైనవి. జ్వరం దిగిందని ఊరట పడే ఆ సమయంలోనే రక్తనాళాల నుండి ద్రవం బయటకు కారి, రక్తపోటు పడిపోవచ్చును. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, మగత, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం సోకినవారికి తరువాత మరొక రకం సోకితే వ్యాధి తీవ్రమయ్యే అవకాశం పెరుగుతుంది. స్వదేశంలో ఒకసారి డెంగీ వచ్చినవారు ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. ఇటీవల భారతదేశం వెళ్ళివచ్చినవారు ఆ ప్రయాణాన్ని కూడా చెబితే మలేరియా పరీక్ష అవసరమో కాదో వైద్యుడు నిర్ణయిస్తాడు.

జ్వరం ఉన్న రోజులలో రోగిని కుట్టిన ఏడిస్ దోమ ఆ వైరస్‌ను ఇతరులకు చేరుస్తుంది. అందువలన రోగి కూడా దోమనివారిణి రాసుకొనవలెను, దోమతెరలో పడుకొనవలెను. ఇంటివారిని, ఇరుగుపొరుగును కాపాడడానికి ఈ జాగ్రత్త అవసరం.