సిలువ మీది నాలుగో మాట

ఒక సంఘంలోని మనిషి వ్యాధితోనో వృద్ధాప్యంతోనో కాక మరొక మనిషి చేతిలో ప్రాణం కోల్పోయినప్పుడు ఆ సంఘం మోయవలసిన దుఃఖం వేరు. పోయిన మనిషి కోసం ఏడుపు, చంపినవాడి మీద కోపం, రేపు ఇంకెవరికి ఏమవుతుందోనన్న భయం, కాపాడవలసిన దేవుడు ఎందుకు కాపాడలేదన్న ప్రశ్న అందులో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. క్రైస్తవ విశ్వాసం ఆ ఏడుపును పరలోక నిరీక్షణతో తుడిచి, ఆ కోపాన్ని క్షమాపణతో చల్లారుస్తుందని చాలామంది అనుకుంటారు, విశ్వాసుల్లోనూ అలా అనుకునేవారు ఎక్కువే. ఆ అభిప్రాయం సగమే నిజం. మిగిలిన సగం ఏమిటో తెలియాలంటే తెలుగు సంఘాలు ఏటా గుడ్ ఫ్రైడే నాడు జరుపుకునే ఆరాధన దగ్గరే మొదలుపెట్టవచ్చు.

ఉదాహరణకు తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతాన్ని తీసుకుంటే, అది 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా బీదర్ జిల్లాలో భాగంగా ఉండేది. బీదర్, వికారాబాద్‌లు కేంద్రాలుగా పనిచేసిన అమెరికన్ మెథడిస్టు మిషన్ ప్రభావం ఇటు నుంచి, మెదక్ కేంద్రంగా పనిచేసిన ఇంగ్లండు వెస్లియన్ మిషన్ ప్రభావం అటు నుంచి వచ్చి ఈ సరిహద్దు ప్రాంతంలో కలిశాయి. మెదక్ వైపు సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) చేరగా, అమెరికన్ మెథడిస్టు సంఘాలు అందులో చేరకుండా విడిగానే నిలిచాయి. అయినా ఈ రెండు శాఖలకూ మూలపురుషుడు 18వ శతాబ్దపు ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీయే. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఈ సంఘాల్లోనూ, ఇతర ప్రొటెస్టెంట్ సంఘాల్లోనూ యేసు సిలువ మీద పలికినవిగా నాలుగు సువార్తల్లో ఉన్న ఏడు మాటలను వరుసగా తీసుకొని ఒక్కొక్కరు ఒక్కొక్క మాట మీద ప్రసంగించే ఆచారం ఉంది. మొదటి మాట చంపుతున్నవారి కోసం చేసిన క్షమాప్రార్థన, మూడవది కన్నతల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, నాలుగవది దేవుడే తనను విడిచిపెట్టాడన్న ఆక్రోశం. క్షమించమని కోరిన నోరే కొంతసేపటికి అలా ఆక్రోశించిందన్న సంగతి, హింసలో తమవారిని పోగొట్టుకున్న విశ్వాసులకు ఎంతో అవసరమైన సంగతి.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, సుమారు రెండు వేల జనాభా గల సెనెకా అనే చిన్న పట్టణానికి 2025లో అటువంటి దుఃఖమే కలిగింది, అదీ ఒక తెలుగు కతోలిక గురువు మరణంతో. కడప మేత్రాసనానికి, అంటే ఒక బిషప్పు పాలనలో ఉండే కతోలిక ప్రాంతానికి, 1994లో గురువుగా అభిషిక్తుడైన ఫాదర్ అరుల్ కరసాల 2004 నుంచి కాన్సస్‌లో సేవ చేస్తూ, 2011లో సెనెకాలోని పునీత పేతురు, పౌలుల దేవాలయానికి విచారణ గురువు (స్థానిక సంఘ కాపరి) అయ్యారు. 2025 ఏప్రిల్ 3న, గురువారం, దేవాలయానికి చెందిన గురువు నివాసం వద్దే ఆయనను తుపాకీతో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్లు. ఓక్లహామా రాష్ట్రానికి చెందిన ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేసి, అతనిపై హత్యానేరం మోపారు.

అది ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాస ప్రార్థనలతో గడిపే తపస్సు కాలం. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 18న వచ్చింది. తమ పిల్లలకు జ్ఞానస్నానం ఇచ్చిన గురువును, తమ పెద్దలను సమాధి చేసిన గురువును పోగొట్టుకున్న ఆ సంఘం, సరిగ్గా పదిహేను రోజులకు, నిరపరాధి హత్యను స్మరించే ఆరాధనలో కూర్చోవలసి వచ్చింది. ఆ ప్రాంతానికి అప్పటి ఆర్చిబిషప్పు జోసెఫ్ నౌమన్‌కు హత్య అంటే ఏమిటో పుట్టుకతోనే తెలుసు. ఆయన తల్లి గర్భంలో ఉండగానే తండ్రి హత్యకు గురయ్యాడు. తర్వాతి కాలంలో మరణశిక్షను వ్యతిరేకించేటప్పుడు ఆయన తన కుటుంబానికి జరిగిన ఆ నష్టాన్ని బహిరంగంగానే ప్రస్తావించారు. తండ్రిని చూడకుండానే పోగొట్టుకున్న మనిషి చెప్పే ఓదార్పుకు ఉండే బరువు వేరు.

ఇటువంటి సమయాల్లో సంఘం నోటికి మొదట వచ్చే మాట దేవుని చిత్తం అన్నది. ప్రభువునందు నిద్రించారనీ, పరలోక పిలుపు అందుకున్నారనీ చెప్పే మాటల్లో నిజమైన ఆదరణ ఉంది, వాటిని తక్కువ చేయవలసిన పని లేదు. కాని ఒక మనిషి తుపాకీ ఎక్కుపెట్టి మరొకరిని చంపితే దానిని కూడా దేవుని చిత్తమనడం హంతకుడి చిత్తాన్ని దేవుడికి అంటగట్టడమే అవుతుంది. పాత నిబంధనలోని యోబు గ్రంథంలో స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచి బాధకు కారణాలు వివరించడం మొదలుపెట్టిన తర్వాతనే వారు దేవుని కోపానికి గురయ్యారు.

నూట యాభై కీర్తనలున్న కీర్తనల గ్రంథంలో సుమారు మూడో వంతు విలాప కీర్తనలే. విలాపమంటే ఇక్కడ ఉత్త ఏడుపు కాదు, దేవుని ఎదుట నిలబడి జరిగిన అన్యాయాన్ని పేరు పెట్టి చెప్పి, ఇంకెంత కాలం చూస్తూ ఊరుకుంటావని నిలదీసే ప్రార్థన. యేసు పలికిన నాలుగో మాట కూడా అటువంటి 22వ కీర్తన తొలి మాటే. చాలా విలాప కీర్తనలు చివరకు స్తుతిలోకి తిరుగుతాయి గాని, 88వ కీర్తన మాత్రం ఏ వెలుగూ చూపకుండా చీకటిలోనే ముగుస్తుంది. దానిని గ్రంథంలోంచి ఎవరూ తీసివేయకపోవడం గమనించదగ్గది. శత్రువును శపించే కీర్తనలు కూడా ఉన్నాయి. కతోలిక సంఘం 1970ల ఆరంభంలో తన దైనిక ప్రార్థనల గ్రంథాన్ని సంస్కరించినప్పుడు వాటిలో 58, 83, 109 కీర్తనలను ఆ ప్రార్థనల నుంచి తొలగించింది. ఆ నిర్ణయానికి కారణం అర్థమవుతుంది. అయినా కొడుకును పోగొట్టుకున్న తల్లి మనసులో పగ మెదిలితే, దానిని కత్తికి అప్పగించకుండా దేవుడికి అప్పగించడానికి ఆ కీర్తనలు కాక మరేవి పనికివస్తాయన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

క్షమాపణ విషయంలో సంఘాలు చేసే పొరపాటు తొందర. 2015 జూన్ 17న అమెరికాలోని చార్ల్‌స్టన్ నగరంలో, మదర్ ఇమ్మాన్యుయేల్ అనే నల్లజాతి మెథడిస్టు సంఘంలో, బైబిలు పఠనానికి కూర్చున్నవారిలో తొమ్మిదిమందిని ఒక యువకుడు కాల్చి చంపాడు. రెండు రోజులకే కోర్టులో కొందరు బంధువులు అతనిని క్షమిస్తున్నామని చెప్పడం ప్రపంచాన్ని కదిలించింది. అయితే చనిపోయినవారి బంధువులందరూ క్షమించలేదు, తమకింకా ఆ స్థితి రాలేదని చెప్పినవారూ ఉన్నారు. మొదటివారి సాక్ష్యం ఎంత గొప్పదైనా, దానిని కొలబద్దగా చేసి రెండోవారిని విశ్వాసం తక్కువైనవారిగా చూడటం క్రూరత్వం.

క్షమిస్తే కేసు వదులుకోవాలన్నది మరొక అపోహ. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠురోగుల సేవకుడు గ్రాహం స్టెయిన్స్‌నూ, పదేళ్ల, ఆరేళ్ల వయసున్న ఇద్దరు కొడుకులనూ వాహనంలోనే సజీవ దహనం చేసినప్పుడు, భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పి, ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు తాము సేవ చేస్తున్న బారిపదాలోనే ఉండి రోగుల సేవ కొనసాగించారు. చట్టం మాత్రం తన దారిన తాను నడిచింది. 2003లో ప్రధాన నిందితుడికి పడిన మరణశిక్షను హైకోర్టు 2005లో జీవితఖైదుగా మార్చగా, 2011లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. క్షమించడం అంటే పగను వదులుకోవడం. శిక్షించే అధికారం రాజ్యానిది, దానిని వదులుకొమ్మని రాజ్యాన్ని కోరడం క్షమాపణలో భాగం కాదు.

ఇక మూడో మాట, తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, సంఘం చేతులతో చేయవలసిన పని గురించినది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లెపై జరిగిన దాడిలో ఆరుగురు హతులైనప్పుడు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని చీరాలకు పారిపోయిన కుటుంబాలు తలదాచుకున్నది అక్కడి చర్చి ఆవరణలోనే. ఆ శిబిరం నుంచి లేచిన ఉద్యమమే దళిత మహాసభకు పునాది వేసింది. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా, అంటే ఇరవై మూడేళ్లు పట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపిన కేసులో, ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి జీవితఖైదు విధించగా, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు ఆ తీర్పుతో గాయం మళ్లీ మొదటికి వచ్చినట్టు ఏడ్చాయి.

తెలుగు సంఘాల్లో భూస్థాపన నాడు ఊరంతా కదిలి వస్తుంది, తర్వాత ఆదరణ కూడికలు జరుగుతాయి, ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ కూడిక కూడా జరుగుతుంది. హత్య జరిగిన ఇంటికి మాత్రం అవి చాలవు. సాక్ష్యం చెప్పవలసిన రోజున కోర్టు మెట్ల దాకా తోడు వచ్చే పెద్దలు, విచారణ వాయిదా పడిన ప్రతిసారీ ఇంటికి వెళ్లి పలకరించే కాపరి, పోయినవారి పిల్లల ఫీజు బాధ్యత ఒక్క ఏడాదికి కాక చదువు పూర్తయ్యేదాకా తీసుకునే సంఘ కమిటీ ఆ ఇంటికి కావాలి. గుడ్ ఫ్రైడే ఆరాధనలో నాలుగో మాట మీద ప్రసంగించే బాధ్యత పొందినవారు, ఆ వాక్యం వెనువెంటనే పునరుత్థానం గురించి మాట్లాడకుండా, ఆ ఆక్రోశం దగ్గర కొంతసేపు నిలిస్తే, ముందు వరుసలో కూర్చున్న ఆ కుటుంబానికి తమ ఏడుపు కూడా ప్రార్థనేనని తెలుస్తుంది.