గడ్డితో పేనిన వంతెన

పెరూలోని కుస్కో ప్రాంతంలో, ఆండీస్ కొండల నడుమ అపురిమాక్ నది ఇరుకు లోయలో ఉరకలేస్తుంది. దాని మీద సుమారు 28 మీటర్ల పొడవున వేలాడే వంతెన పేరు కెస్వాచాకా. మోకులన్నీ గడ్డితో పేనినవే.

నిజానికి పక్కనే బండ్లు తిరిగే ఇనుప వంతెన ఉంది. నది దాటడానికి దీనితో పనిలేదు. అయినా ఏటా జూన్‌లో కెచువా భాష మాట్లాడే నాలుగు పల్లెలు పనులన్నీ పక్కన పెట్టి దీన్ని కొత్తగా కడతాయి. యాత్రికులు వంతెన మీద ఊగుతూ ఫొటోలు దిగి వెళ్ళిపోతారు కానీ, చూడాల్సింది కట్టే పనిని.

ఆ పని ఇళ్ళలో మొదలవుతుంది. కోయా అనే బిరుసు గడ్డిని కోసి, ఎండబెట్టి, నీళ్ళలో నానేసి, రాళ్ళతో దంచుతారు. మెత్తబడ్డాక అరచేతుల మధ్య మెలిపెట్టి సన్నతాళ్ళు పేనుతారు. ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పని. ప్రతి ఇల్లూ తన వాటా తాడు తేవాల్సిందే. ఆ తాళ్ళను కలిపి పెనవేసి, జడలా అల్లితే తొడంత లావు మోకులవుతాయి. నడిచేందుకు నాలుగు, చేతిపట్టుకు రెండు.

భూమాత పచమామాకు కోకా ఆకులు సమర్పించాకే వంతెన మీద చెయ్యి వేస్తారు. పాత వంతెన ఆసరాతో కొత్త మోకులను అవతలి ఒడ్డుకు దాటించి, పాతదాన్ని కోసి నదిలోకి వదిలేస్తారు. గడ్డే కదా, కుళ్ళిపోతుంది. రెండు ఒడ్డుల నుంచీ మగవాళ్ళు మోకుల మీద కూర్చుని పక్కల అల్లిక అల్లుకుంటూ నడిమధ్య కలుస్తారు. ఆడవాళ్ళు దగ్గరికి వస్తే అరిష్టమని నమ్మకం. తాళ్ళు పేనింది వాళ్ళే అయినా! మూడు రోజుల్లో పని ముగుస్తుంది, నాలుగో రోజు ఆటపాటలు, విందు.

ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇంకాల కాలం నాటి ఆచారమిది. అప్పట్లో చక్రాల బండ్లు లేవు. మనుషులూ, లామా జంతువులూ నడిచే దారులకు ఇలాంటి వంతెనలు సరిపోయేవి. వాటిని బాగుచేసే బాధ్యతను చుట్టుపక్కల పల్లెలకు ప్రభుత్వమే అప్పగించేది. ఇప్పుడలా ఆజ్ఞాపించే రాజులేడు, పని మాత్రం ఆగలేదు. 2013లో యునెస్కో ఈ ఆచారాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒకసారి మాత్రం తప్పింది. కరోనా వల్ల 2020లో ఎవరూ కట్టలేదు. 2021 మార్చిలో వంతెన తెగి నదిలో పడింది. ఆ జూన్‌లో పాత వంతెన ఆసరా లేకుండానే పల్లెల వాళ్ళు కొత్త మోకులు బిగించి మళ్ళీ కట్టారు.